ఎస్పీ రోడ్డులో కొనే కొత్త కంప్యూటరులో లినక్స్ పెట్టుకోవాలంటే

మీ ప్రశ్నలోని విషయాలను ముందుగా ఒక చోట చేరుస్తాను. బెంగళూరు మారతహళ్ళిలోని మీ ఇంటికి, అక్కడి కంప్యూటరు బజారైన ఎస్పీ రోడ్డులో విడిభాగాలు కొని ఒక డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకోవాలని, అందులో విండోస్ బదులు లినక్స్ పెట్టుకోవాలని అనుకుంటున్నారు. దాన్ని వాడేవారు నలుగురు: మీరు, ఒక దుకాణం లెక్కలు ఇంటి నుంచే ట్యాలీలో రాసే మీ శ్రీమతి, తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి, హిందూపురంలో తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మీ నాన్నగారు. నాన్నగారి పాత వ్యాసాలు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. ఇంట్లో ఒక పాత కానన్ లేజర్ ప్రింటరు ఉంది. ఆటలకోసం కొనడం లేదని కూడా రాశారు.

ఉబుంటు, మింట్, ఫెడోరా వంటి రకాల్లో ఏ లినక్స్ మంచిది అన్న ప్రశ్నతో మీరు మొదలుపెట్టారు. నా లెక్కలో అది చివరగా అడగవలసిన ప్రశ్న. ఇళ్ళలో లినక్స్ పెట్టుకుని విసిగిపోయి వదిలేసినవారిలో ఎక్కువమందికి ఇబ్బంది వచ్చింది ఎంచుకున్న లినక్స్ వల్ల కాదు. కొన్న వస్తువు వల్ల, లేదా ఇంట్లో ఒకరు రోజూ వాడే ఒకానొక ప్రోగ్రాము గురించి ముందే ఆలోచించకపోవడం వల్ల. ఈ రెండూ డబ్బు చెల్లించక ముందే తేల్చుకోగలిగినవి. అందుకే వస్తువుల దగ్గర నుంచి మొదలుపెడతాను.

ఆటలు లేవు కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ ఉన్నది తీసుకోండి. ఏఎండీలో రైజెన్ 5 5600జి, ఇంటెల్‌లో ఐ3 12100 లేదా ఐ5 12400 మీరు రాసిన పనులన్నిటికీ ధారాళంగా సరిపోతాయి. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. అది కొంత తక్కువకు వస్తుందని కౌంటరు దగ్గర చెబుతారు. ఆ మిగిలిన డబ్బుకు ఇంకొంత కలిపి గ్రాఫిక్స్ కార్డుకు పెట్టవలసి వస్తుందన్న సంగతి తర్వాత తెలుస్తుంది. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కు కావలసిన డ్రైవర్లు, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రాములు, లినక్స్ కెర్నెల్‌లో (దాని మూల ప్రోగ్రాములో) భాగంగానే వస్తాయి. ఎన్‌విడియా కార్డయితే సాధారణంగా ఆ కంపెనీ డ్రైవరును విడిగా ఎక్కించాలి. గుర్తింపు ఉన్న ప్రోగ్రాములనే నడవనిచ్చే సెక్యూర్ బూట్ అనే రక్షణ ఆన్‌లో ఉంటే ఆ డ్రైవరుకు సంబంధించిన కీని మదర్‌బోర్డులో నమోదు చేసే మెట్టు కూడా ఒకటుంటుంది. అసాధ్యమేమీ కాదు కాని, మీకు అవసరం లేని పని.

మదర్‌బోర్డు విషయంలో నా సలహా కొందరికి నచ్చదు: మార్కెట్లోకి అప్పుడే వచ్చిన బోర్డు కొనవద్దు. విండోస్‌లో లాగా ప్రతి పరికరానికీ కంపెనీ వెబ్‌సైటు నుంచి డ్రైవరు తెచ్చుకునే పద్ధతి లినక్స్‌లో తక్కువ. డ్రైవర్లలో అధిక భాగం కెర్నెల్‌తో కలిసే ఉంటాయి. మీరు ఎక్కించే లినక్స్‌లోని కెర్నెల్ తయారైన తర్వాత పుట్టిన వైఫై చిప్‌ను ఆ కెర్నెల్ గుర్తించలేదు. ఉదాహరణకు 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04 తొలుత 6.8 కెర్నెల్‌తో వచ్చింది. ఆ తరువాతి సవరణ విడుదలల్లోనే 6.11, 6.14 చేరాయి. కాబట్టి ఒకటి రెండేళ్ళుగా అమ్ముడవుతున్న బోర్డయితే తలనొప్పి ఉండదు. వైఫై చిప్ ఇంటెల్‌ది అయితే, అంటే ఏఎక్స్200, ఏఎక్స్210 వంటివి అయితే, నిశ్చింతగా తీసుకోవచ్చు. చవకగా దొరికే యూఎస్‌బీ వైఫై డాంగిళ్ళు మాత్రం పెట్టె మీద లినక్స్ అని రాసి ఉన్నా నమ్మవద్దు. లోపల ఏ చిప్ ఉందో అమ్మేవారికే తెలియదు. ఒకే మోడల్ పేరుతో వేరువేరు చిప్‌లు వస్తుంటాయి. ఎనిమిది జీబీ ర్యామ్ ముక్కలు రెండు, ఫైళ్ళు దాచడానికి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగమైన డిస్కు) ఒకటి తీసుకోండి. ప్రాసెసరులోని గ్రాఫిక్స్ ర్యామ్‌నే పంచుకుంటుంది కాబట్టి ఒకే 16 జీబీ ముక్క కంటే రెండు ఎనిమిదులు మేలు. రెండో ఎస్‌ఎస్‌డీ సంగతి ట్యాలీ దగ్గర చెబుతాను.

ఇప్పుడు దుకాణంలో చేయవలసిన పని. వెళ్ళే ముందే ఇంట్లో ఒక ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ రాసుకోండి. మింట్ అధికారిక వెబ్‌సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలు దింపి, ఫైలు సరిగ్గా దిగిందో లేదో అక్కడే ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యతో సరిచూసి, రూఫస్ లేదా ఎచర్ అనే ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్ మీద రాస్తే చాలు. దుకాణంలో భాగాలు బిగించాక తెర వెలుగుతోందని చూపించి, పెట్టె మూసి ఇచ్చేస్తారు. చాలా చోట్ల అడగకుండానే లైసెన్సు లేని విండోస్ ఎక్కించి ఇస్తారు. అది వద్దని ముందే స్పష్టంగా చెప్పండి. పెట్టె మూయక ముందు మీ పెన్‌డ్రైవ్ పెట్టించి, ఏ డిస్కు నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూలో దాన్ని ఎంచుకుని, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్ పద్ధతిలో మింట్ నడిపించండి. తెర పూర్తి రిజల్యూషన్‌తో వస్తున్నదా, శబ్దం వస్తున్నదా, వైఫై జాబితా కనబడుతున్నదా, సస్పెండ్ చేస్తే తిరిగి మేల్కొంటున్నదా అన్నవి చూడడానికి పావుగంట పడుతుంది. శనివారం సాయంత్రం రద్దీలో దుకాణదారు ముఖం చిట్లించవచ్చు కాబట్టి వారం మధ్యలో ఉదయం పూట వెళ్ళడం మంచిది. వైఫై కనబడకపోతే బోర్డు మార్చమని అడిగే హక్కు, ఓపిక, రెండూ అక్కడే ఉంటాయి. మారతహళ్ళి చేరాక ఉండవు. బిల్లు జీఎస్‌టీతో, ఒక్కొక్క భాగం సీరియల్ నంబరుతో తీసుకోండి. ఎస్‌ఎస్‌డీకీ ర్యామ్‌కూ వారంటీ అడిగినప్పుడు పనికొచ్చేది ఆ కాగితమే.

లినక్స్ ఎంపికను నేను ఇప్పటికే చెప్పేశాను: మింట్, సినమన్ అనే డెస్క్‌టాప్ రూపంతో. మింట్ 22 శ్రేణి ఉబుంటు 24.04 మీద ఆధారపడి తయారైంది, దీనికి 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి. మెనూ కింద ఎడమ మూలన ఉంటుంది, కాబట్టి విండోస్ అలవాటున్న మీ నాన్నగారికి కొత్తగా నేర్పవలసింది తక్కువ. ఫెడోరా చక్కనిదే, నా సొంత యంత్రంలో అదే ఉంది. కాని ఒక్కో విడుదలకు సుమారు 13 నెలల మద్దతే ఉంటుంది, ఏడాదికి ఒకసారైనా పెద్ద మార్పుకు కూర్చోవాలి. నలుగురు వాడే ఇంటి కంప్యూటరుకు ఆ పని పెట్టుకోవడం అనవసరం. చెన్నైలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ గురించి కూడా అడిగారు. భారతీయ భాషలను దృష్టిలో పెట్టుకున్న ప్రయత్నంగా దానిపై నాకు గౌరవం ఉంది, అయితే ఒక సమస్య వచ్చి వెతికినప్పుడు మింట్, ఉబుంటులకు దొరికినన్ని సమాధానాలు దానికి దొరకవు. ఇంట్లో లినక్స్ తెలిసినవారు మీరొక్కరే అయినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ట్యాలీ విషయం సూటిగా చెబుతాను. ట్యాలీ విండోస్ కోసం తయారైన ప్రోగ్రాము. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ ద్వారా దాన్ని నడిపించామని చెప్పేవారు ఉన్నారు, కొన్ని వెర్షన్లు నడుస్తాయి కూడా. కాని నెలాఖరున జీఎస్‌టీ రిటర్ను వేయవలసిన రోజున అది మొరాయిస్తే మీ శ్రీమతి లినక్స్‌ను తిడతారు, మిమ్మల్ని కూడా. ఆమె డిజిటల్ సంతకపు టోకెన్ వాడుతున్నట్లయితే ఇబ్బంది మరొక మెట్టు పెరుగుతుంది. కాబట్టి లైసెన్సుతో కూడిన విండోస్‌ను ఉంచుకోండి. అయితే ఒకే ఎస్‌ఎస్‌డీని రెండు ముక్కలు చేయవద్దు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఇంకొకటి కొని విండోస్‌ను దాని మీద పెట్టండి.

ఇందులో ఒక మెలిక ఉంది. మింట్ ఇన్‌స్టాలరుకు ఏ డిస్కు మీద లినక్స్ వేయాలో చెప్పినా, బూట్ లోడరును (యంత్రం ఆన్ కాగానే లినక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రామును) మాత్రం తనకు మొదట కనబడిన డిస్కులోని ఈఎఫ్‌ఐ అనే బూట్ విభాగంలో పెట్టే అలవాటు ఉంది. అంటే లినక్స్ ఒక డిస్కులో, దాని తాళంచెవి విండోస్ డిస్కులో ఉంటాయి. రేపు విండోస్ డిస్కును తీసేసినా, ఫార్మాట్ చేసినా లినక్స్ లేవదు. అందుకని లినక్స్ ఎక్కించేటప్పుడు విండోస్ ఎస్‌ఎస్‌డీని బయోస్‌లో (మదర్‌బోర్డు అమరికల్లో) తాత్కాలికంగా ఆపేయండి. ఆ సదుపాయం లేకపోతే విప్పి పక్కన పెట్టండి. పని అయ్యాక తిరిగి పెట్టి, ఏది కావాలో బూట్ మెనూలో ఎంచుకోండి. ఇలా చేస్తే ఒకదాని జోలికి ఒకటి పోదు, విండోస్ అప్‌డేట్ వచ్చి లినక్స్ బూట్‌ను చెరిపిందన్న ఫిర్యాదుకు అవకాశం బాగా తగ్గుతుంది.

విండోస్ వైపు మరి మూడు జాగ్రత్తలున్నాయి. విండోస్ 11 కొత్త వెర్షన్లు మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టినప్పుడు డిస్కును తమంతట తామే ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు. ఆ తరువాత మీరు సెక్యూర్ బూట్ వంటి బయోస్ అమరికలను మారిస్తే ఆ ఎన్‌క్రిప్షన్‌ను నడిపే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. ఆ కీని ముందే కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచండి. రెండవది, ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు, లినక్స్ నుంచి ఆ డిస్కును తెరిస్తే చదవడానికే వీలవుతుంది, రాయడానికి వీలుండదు. మూడవది గడియారం. మదర్‌బోర్డులోని గడియారాన్ని విండోస్ స్థానిక కాలంగా, లినక్స్ అంతర్జాతీయ ప్రామాణిక కాలంగా చదువుతాయి. ఫలితంగా ఒకదాని నుంచి మరొకదానికి మారినప్పుడల్లా గడియారం సరిగ్గా ఐదున్నర గంటల తేడా చూపిస్తుంది. దీన్ని చూసి బోర్డు బ్యాటరీ పోయిందనుకుని మార్పించినవారు ఉన్నారు. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆదేశంతో స్థానిక కాలాన్నే వాడమని చెబితే తీరిపోతుంది.

ఇన్‌స్టాల్ చేయడం గురించి రాయవలసింది నిజానికి తక్కువే. భాష, కీబోర్డు, కోల్‌కతా కాలమండలం, డిస్కు, పేరు, పాస్‌వర్డు అడుగుతుంది, అరగంటలోపు ముగుస్తుంది. వైఫై అప్పటికప్పుడు పనిచేయకపోతే ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, ఇంటర్నెట్ వెంటనే వస్తుంది. డిస్కు విభజనలో నేను సూచించేది ఒక్కటే: వ్యవస్థకు వంద జీబీ, మిగిలినదంతా అందరి సొంత ఫైళ్ళు ఉండే హోమ్‌కు వేరు విభాగంగా ఇవ్వండి. మూడేళ్ళ తరువాత మింట్‌ను మొదటి నుంచి ఎక్కించవలసి వచ్చినా, ఆ విభాగాన్ని ఫార్మాట్ చేయనంత వరకు నలుగురి ఫైళ్ళూ ఉన్నచోటే ఉంటాయి. నలుగురికీ నాలుగు ఖాతాలు తెరవండి, నిర్వాహక హక్కు మీ ఒక్కరికే ఉంచండి. మొత్తం డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయాలా అని అడిగారు. ఇంట్లోనే ఉండే డెస్క్‌టాప్‌కు నేను ఒత్తిడి చేయను. ఆ పాస్‌వర్డు మరిచిపోతే ఫైళ్ళను తిరిగి తెచ్చేవారు ఎవరూ ఉండరు.

మొదటిసారి లోపలికి వెళ్ళాక అప్‌డేట్ మేనేజరులో ఉన్నవన్నీ పూర్తిచేసి, టైమ్‌షిఫ్ట్‌ను ఆన్ చేయండి. అది వ్యవస్థ ఫైళ్ళకు ఛాయాప్రతులు తీసి ఉంచుతుంది, ఏదైనా అప్‌డేట్ వికటిస్తే నిన్నటి స్థితికి తీసుకుపోతుంది. నాన్నగారి వ్యాసాలను, అమ్మాయి ప్రాజెక్టులను అది కాపాడదు. వాటికి వేరే బాహ్య డిస్కు, వారానికొకసారి దాన్ని తగిలించే క్రమశిక్షణ కావాలి.

ఇక తెలుగు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ఇదే, ఎందుకంటే ఈ కంప్యూటరు ముందు ఎక్కువసేపు కూర్చునేది నాన్నగారు.

తెలుగు చదవడానికి మీరు చేయవలసింది దాదాపు లేదు. అయినా సాఫ్ట్‌వేర్ మేనేజరులో తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు ఎక్కించండి. లోహిత్, పోతన2000, వేమన2000, నోటో ఫాంట్లు అక్కడ దొరుకుతాయి. సిలికానాంధ్ర వారు విడుదల చేయించిన మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ వంటివి గూగుల్ ఫాంట్లలో ఉచితంగా ఉన్నాయి. పొడవైన వ్యాసానికి నా ఓటు మండలికే. దాని వత్తులు చిన్న సైజులో కూడా విడివిడిగా కనబడతాయి.

రాయడానికి ముందు నాన్నగారికి చేయి తిరిగిన కీబోర్డు ఏదో కనుక్కోండి. అమరికల్లోని కీబోర్డు జాబితాలో తెలుగు చేర్చితే వచ్చేది ఇన్‌స్క్రిప్ట్. ప్రభుత్వ ప్రమాణం అదే, కొత్తగా నేర్చుకునేవారికి నేను సిఫారసు చేసేదీ అదే. కాని అనులో ఏళ్ళ తరబడి రాసినవారి వేళ్ళు యాపిల్ అనే పేరున్న తెలుగు కీబోర్డు అమరికకు అలవాటుపడి ఉంటాయి. అటువంటప్పుడు ఐబస్ అనే ఇన్‌పుట్ పద్ధతిని, దానితోపాటు ఎం17ఎన్ ప్యాకేజీని ఎక్కించండి. అందులో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్‌తోపాటు ఆర్‌టీఎస్, ఐట్రాన్స్, పోతన, యాపిల్ అమరికలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం రాసేవారికి ఆర్‌టీఎస్ అనుకూలం. యాపిల్ ఎంచుకున్నా, ఆయన చేతికి అలవాటైనదానితో ప్రతి మీటా సరిపోతున్నదో లేదో ఒక పూట కూర్చుని ఆయనతోనే సరిచూడండి. డెబ్బై ఏళ్ళ వయసులో కొత్త కీబోర్డు నేర్చుకోమనడం కంటే మనం ఒక పూట కష్టపడడం సులువు.

ఆయన పండితులు కాబట్టి ఒక చిన్న విషయంలో తప్పకుండా పట్టుబడతారు. సాఫ్ట్‌వేర్, మార్చ్‌లో వంటి మాటల్లో పొల్లు నిలబడాలి. మామూలుగా రాస్తే ఆ హల్లు తరువాతి అక్షరంతో కలిసి వత్తుగా మారిపోతుంది. ఆ రెంటి మధ్య కంటికి కనబడని ఒక అక్షరాన్ని పెట్టాలి, అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. వాడే అమరికలో దానికి మీట కనబడకపోతే కంట్రోల్, షిఫ్ట్, యు మీటలను కలిపి నొక్కి, ఆ సంఖ్యను ఇంగ్లీషు అక్షరంతో కొట్టి, ఎంటర్ నొక్కితే వస్తుంది. దీన్ని ఒక కాగితం మీద రాసి తెర పక్కన అంటించండి.

పాత వ్యాసాలది వేరే కథ. అను ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చిన ఫాంట్లు అవి. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి. ఇది లినక్స్ లోపం కాదు, ఫాంటు లేని ఏ విండోస్‌లోనైనా జరిగేదే. ఆ ఫైళ్ళు పుటలు కూర్చే ప్రోగ్రామైన పేజ్‌మేకరులో ఉంటే మరో చిక్కు ఉంది: ఆ ప్రోగ్రాము 2001లో వచ్చిన 7.0 దగ్గర ఆగిపోయింది. కాబట్టి విండోస్ డిస్కు ఉన్నప్పుడే, లేదా వాటిని కూర్చిన డీటీపీ కేంద్రం ఇంకా తెరిచి ఉన్నప్పుడే, అన్నిటినీ పీడీఎఫ్‌లుగా తీయించండి, రూపం భద్రమవుతుంది. పాఠం మళ్ళీ వాడుకోవాలంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. అవి చాలావరకు సరిగ్గానే మారుస్తాయి, కాని వత్తులు, సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు మిగులుతాయి. వాటిని దిద్దడానికి మీ ఇంట్లో పండితులే ఉన్నారు.

లినక్స్‌లో వర్డ్ బదులు వాడే లిబ్రెఆఫీస్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎవరైనా విండోస్‌లో గౌతమి లేదా నిర్మల ఫాంటుతో రాసి పంపిన తెలుగు ఫైలును మీరు తెరిస్తే, ఆ ఫాంటు లేక మరొకటి వస్తుంది, పంక్తులు జరిగి పేజీలు మారిపోతాయి. పాఠం చెడదు. పత్రికలకు పంపేటప్పుడు యూనికోడ్ ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా పంపమని నాన్నగారితో చెప్పండి.

మీ అమ్మాయికి పెద్దగా చేయవలసింది లేదు. పైథాన్ ముందే ఉంటుంది, థానీ అనే చిన్న ఎడిటరును ఎక్కిస్తే నేర్చుకోవడానికి చాలు. పాఠంలో చెప్పినట్లు పిప్ అనే ఆదేశంతో పైథాన్‌కు అదనపు ప్యాకేజీ ఏదైనా దింపబోతే మింట్ 22 నిరాకరిస్తుంది, ఈ పైథాన్‌ను వ్యవస్థ నిర్వహిస్తున్నదన్న సందేశం చూపిస్తుంది. అది లోపం కాదు, రక్షణ. వ్యవస్థకు తగలకుండా విడిగా ఉండే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేసుకుని అందులో దింపుకోవాలి. బలవంతంగా దాటవేసే మార్గాలు ఇంటర్నెట్‌లో కనబడతాయి, వాటి జోలికి పోవద్దని చెప్పండి. స్నేహితులు ఆడే వాలరెంట్ కావాలని అడిగితే మాత్రం లినక్స్‌లో అది నడవదు.

యూపీఎస్ తప్పనిసరి. ఏప్రిల్, మే నెలల సాయంత్రపు గాలివానల్లో మన ఊళ్ళో కరెంటు ఎలా వస్తూ పోతూ ఉంటుందో మీకు తెలుసు. 600 వీఏ యూపీఎస్ మీ యంత్రానికి, తెరకు పనిని సేవ్ చేసి మూసుకునేంత సమయం ఇస్తుంది. యూఎస్‌బీ కేబుల్ ఉన్న మోడల్ అయితే కరెంటు పోయిన సంగతి కంప్యూటరుకు కూడా తెలుస్తుంది; లేకపోతే ఎవరో ఒకరు దగ్గరుండి ఆపాలి. ప్రింటరును దానికి కలపవద్దు. లేజర్ ప్రింటరు వేడెక్కేటప్పుడు లాగే కరెంటును అంత చిన్న యూపీఎస్ భరించలేదు.

చివరిగా ఆ ప్రింటరు. మీరు రాసిన ఎల్‌బీపీ 2900 మన దేశంలో లెక్కలేనన్ని ఇళ్ళలో, జిరాక్స్ దుకాణాల్లో ఇప్పటికీ నడుస్తున్న గట్టి యంత్రం. కాని అది క్యాప్ట్ అనే కానన్ సొంత భాషలో మాట్లాడుతుంది. లినక్స్‌కు ఆ కంపెనీ ఇచ్చిన డ్రైవరు పాతది. కొత్త వ్యవస్థల్లో ఎక్కించడానికి చాలా తంటాలు పడాలి, ఎక్కించాక కూడా ఒక అప్‌డేట్‌తో ఆగిపోవచ్చు. ప్రస్తుతానికి దాన్ని విండోస్ వైపు వాడుకోండి; లినక్స్‌లో ఉన్నప్పుడు పీడీఎఫ్ చేసి ఉంచుకుంటే సరిపోతుంది. ఎప్పుడైనా కొత్తది కొంటే నెట్‌వర్క్ ద్వారా కలిసే, ఎయిర్‌ప్రింట్ లేదా ఐపీపీ ఎవ్రీవేర్ అని రాసి ఉన్న మోడల్ చూడండి. అటువంటివాటికి లినక్స్‌లో విడిగా డ్రైవరు అక్కర్లేదు. తెలిసినవారెవరైనా పాత హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఇస్తామంటే అది కూడా పనికొస్తుంది, కాని ఆన్ చేసిన ప్రతిసారీ దానికి కంప్యూటరు నుంచి ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే లోపలి ప్రోగ్రాము) అందాలి కాబట్టి హెచ్‌పీ ప్లగిన్‌ను ఎక్కించుకున్నాకే పరీక్షించండి, లేకపోతే పాడైపోయిందని పొరబడతారు.